బొగ్గు బస్సుకు వెనక దీపం

పోయిన వారం హిందూపురంలో ఒక మెకానిక్కు షాపు ముందు బెంచీ మీద గంటన్నర కూర్చున్నాను. మా మనవడి వ్యానుకు రివర్సు లైటు బిగిస్తున్నారు. బండితో పాటు వచ్చిన లైటు చాలదట. బజారులో విడిగా అమ్మే పెద్దది తెచ్చాడు. మెకానిక్కు ఇరవై రెండేళ్ళవాడు. చేతిలో పని ఉన్నవాడే, కాదనను. నోరే ఊరుకోదు. తీగ లాగుతూ నావైపు చూసి, "తాతా, మీ కాలంలో ఇట్లాంటివి యాడుండె? ఇదంతా జపానోళ్ళ తెలివి," అన్నాడు.

నాకు ఒళ్ళు మండింది. "ఏం తెలుసునని మాట్లాడతావురా? యుద్ధం రోజుల్లో, ఈ ఊరి బస్సుకే, వెనక దీపం పెట్టిన మనిషి పక్కన కూర్చొని తీగ అందించినవాణ్ణి నేను," అన్నాను. వాడు నవ్వి, "సరే తాతా," అన్నాడు. తిట్టినా ఊరుకొనేవాణ్ణి గాని ఆ "సరే తాతా" మాత్రం ఇంటిదాకా వచ్చి, అన్నం దగ్గర కూడా కూర్చుంది. అందుకే రాస్తున్నాను.

ఆ మనిషి పేరు రాయను. బస్సుకు రెండు పక్కలా ఓనరు పేరు మూరెడేసి పసుపు అక్షరాలతో రాయించారు. తోలేవాడి పేరు ఎవరూ ఏ మూలా రాయలేదు. ఇప్పుడు నేను రాస్తే ఆయనకు ఒరిగేదేమిటి? మేమంతా డ్రైవరు సాయిబు అనేవాళ్ళం. ఆ పిలుపుతోనే చెబుతాను.

నేను ఆ బస్సులో కండక్టరును. మూడో తరగతితో బడి మానినవాణ్ణి. తెలుగును పొట్లాల కాగితాల మీద, ఇంగ్లీషును డబ్బాల మీద కూడబలుక్కొని నేర్చుకున్నాను. మా బండి పొద్దున హిందూపురంలో బయలుదేరి, సోమందేపల్లి, పెనుకొండ మీదుగా ధర్మవరం పోయి, సాయంత్రానికి పెనుకొండకు తిరిగివచ్చి మకాం వేసేది. తెల్లారి హిందూపురం చేరి మళ్ళీ అదే తిరుగుడు. యుద్ధంలో పెట్రోలు దొరక్క, వెనకవైపు బానంత ఇనుప డ్రమ్ము కట్టారు. అందులో బొగ్గులు మండితే వచ్చే గ్యాసుతో ఇంజిను నడవాలి. క్లీనరు కదిరప్ప, నాకంటే పదేళ్ళు పెద్దవాడు, కోడి కూతకు లేచి అరగంట ఫ్యాను పిడి తిప్పితే గాని అది రాజుకొనేది కాదు. ఎత్తు వస్తే అందరూ దిగి తోయాలి. ధర్మవరంలో పెళ్ళికి పట్టుచీరలు కొన్నవాళ్ళు మూట మాత్రం ఒళ్ళో భద్రంగా దాచుకొని, మొహాలు మసి చేసుకొని ఇళ్ళకు పోయేవాళ్ళు.

ఆ డొక్కును డ్రైవరు సాయిబు తోలే తీరు చూడాలి! సీటు ఎక్కేముందు చెప్పులు విడిచి కింద జతగా పెట్టి, కదిరప్పకు అప్పజెప్పేవాడు. వట్టి కాళ్ళతోనే తోలేవాడు. ప్రయాణికులు అది భక్తి అనుకొనేవాళ్ళు. ఎడమ అరచేయి ఎప్పుడూ గేరు కడ్డీ తలమీద ఉండేది, వైద్యుడు నాడి పట్టుకున్నట్లు. ఇంజినులో ఏదైనా చప్పుడు తేడాగా ఉందంటే బానెట్టు ఎత్తి, పొడుగాటి స్క్రూడ్రైవరు మొనను ఇంజినుకు ఆనించి, పిడిని పళ్ళతో కరిచిపట్టి, కళ్ళు మూసుకొని నిలబడేవాడు. కాసేపటికి, "మూడో సిలిండరు ఏడుస్తాండాది," అనేవాడు. విప్పి చూస్తే మూడోదే! మనిషి సన్నం, గొంతు మాత్రం పెద్దది. గుసగుసగా చెప్పాల్సిన మాట కూడా బజారంతా వినిపించేలా చెప్పేవాడు. ఎవరు మాట్లాడినా మొహంలోకి సూటిగా చూసేవాడు. ఆడవాళ్ళు కొందరు దాన్ని తప్పుగా తీసుకున్నారు కూడా.

ఆయన గొప్పంతా బండిని వెనక్కి తోలడంలో ఉండేది. "ముందుకు తోలేది ఎవురైనా తోల్తారబ్బా. వెనక్కి తోలమను, అప్పుడు చెప్తా వాడు డ్రైవరో కాదో," అనేవాడు.

పెనుకొండలో ఆ పని రోజూ ఉండేది. మా షెడ్డు ఒక సందు చివర. షెడ్డులోంచి చూస్తే సందుకు ఎడమపక్క రాతిగోడ, కుడిపక్క గట్టులేని దిగుడు బావి. లోపల బండి తిప్పడానికి జాగా లేదు. తెల్లారి మూతి బయటికి పెట్టి, వాలు మీద దొర్లిస్తే తప్ప రాత్రంతా చల్లారిన ఆ బొగ్గు ఇంజిను పలకదు. అందుకని రోజూ మసకచీకట్లో వెనక్కే తోలాలి. వెనక డ్రమ్ము అడ్డం. దీపమన్నది లేదు. కదిరప్ప బండి వెనక నడుస్తూ రేకు మీద అరచేత్తో తట్టేవాడు. ఒక్కొక్కటిగా తడితే రమ్మని, గబగబా రెండు తడితే నిలపమని. అప్పట్లో ఏ బస్సుకైనా అదే పద్ధతి. క్లీనరు చేయి, డ్రైవరు చెవి. అంతే.

ఒక సాయంత్రం కదిరప్ప రెండు తట్టాడు. బండి ఆగలేదు. మళ్ళీ తట్టాడు, అరిచాడు, పక్కకు దూకాడు. కుడి వెనక చక్రం బావి అంచు రాయిని తన్ని ఆగింది. రాయి ఊడి నీళ్ళలో పడిన చప్పుడు నాకు లోపలికి వినిపించింది. పదిమంది ఇంకా బండ్లోనే ఉన్నారు.

"నిలపమని తట్టల్లేదేందిరా?" అని కిందికి దిగిన సాయిబు అరిచాడు.

"తట్టల్లేదా? చెయ్యి చూడన్నా, ఎట్ల వాచిందో! ఇంగా గట్టిగా తడితే రేకు చిరుగుతాది!" అని కదిరప్ప ఏడుపు మొహంతో అరచేయి చాపాడు.

మర్నాడు తెల్లారి నేను బండి దగ్గరికి పోయేసరికి సాయిబు ఒక్కడే చక్రం పక్కన గొంతుకూర్చొని ఉన్నాడు. వెనకనుంచి, "అన్నా, కాఫీ తాగుతావా?" అన్నాను. పలకలేదు. ఇంకో రెండుసార్లు అడిగి, ముందుకు పోయి నిలబడ్డాను. నన్ను చూసి తలెత్తి, "ఇంజిను మోతలో వినపల్లేదబ్బా, మళ్ళీ చెప్పు," అన్నాడు.

ఇంజిను రాత్రినుంచీ చల్లగా ఉంది. డ్రమ్ము మీద కాకి కూర్చొని ఉంది.

నేను ఇంజిను కేసి, ఆయన కేసి చూశాను. ఆయనే నా మొహంలో చదువుకున్నాడు. జీవితంలో మొదటిసారి చిన్న గొంతుతో చెప్పాడు. "రెండేండ్లాయ. ముందు కుడి చెవి పాయ. ఈ ఏడు రెండూ. పొద్దున్నయితే ఎదుటోళ్ళ నోరు చూసి మాట పట్టుకుంటాండా. ఇంజిను సంగతి కాళ్ళు చెప్తాయి. మసకపడితేనే నా బతుకు బుగ్గి. ఎవురికీ చెప్పొద్దబ్బా. ఈ చక్రం తప్ప నా చేతికి ఇంగేమీ రాదు."

చెప్పనన్నాను. పదిమంది ప్రాణాల సంగతి అది. తప్పే చేశాను. ఆ సంగతి అప్పుడూ తెలుసు, ఇప్పుడూ తెలుసు.

బావి కబురు హిందూపురంలో సావుకారికి, అంటే మా బండీ ఇంకోటీ కలిపి రెండు బస్సుల ఓనరుకు, మాకంటే ముందే చేరింది. ఆయన కోపిష్టి, అబద్ధం ఆడని మనిషి. "దసరా నాడు నేనే వచ్చి బండ్లో కూర్చుంటా. పెనుకొండ షెడ్డులోకి బండి సరిగ్గా పోయిందా, సరే. లేదంటే మర్నాడు కదిరి నుంచి వేరే డ్రైవరు వస్తాడు," అన్నాడు. దసరాకు ఇంకా నెల లోపే ఉంది.

ఆ రోజే సాయిబు నన్ను పక్కకు పిలిచాడు. కళ్ళు మెరుస్తున్నాయి. "చెవికి పని లేకుండా చేస్తే సరిపాయ కదప్పా! ముందర దీపాలుండాయి. వెనక ఎందుకుండకూడదు? గేరు వెనక్కి పడితే దానంతట అదే వెలగల్ల. కుడి మూలకు కడితే, నేను తల బయటికి పెట్టి చూస్తే బావి అంచు కనపడదా?"

అట్లాంటి దీపం ఒకటి లోకంలో ఎక్కడైనా ఉందో లేదో మా ఇద్దరికీ తెలియదు. మేము చూసిన బస్సులకు లేదు, కార్లకు లేదు.

పాత ఇనుప సామాన్ల అంగడిలో సొట్టపడిన కారు దీపం ఒకటి దొరికింది. బల్బు మెడమీద చీమతలంత అక్షరాలను కూడబలుక్కొని "ఆరు వోల్టులు" అని చదివాను. మా బ్యాటరీ కూడా ఆరే! ఆ పొద్దు నేను చదివిన చదువుకు సార్థకత కలిగిందని అనుకున్నాను. పాడైపోయిన టార్చిలైటు ఇత్తడి పట్టీని కత్తిరించి సాయిబు గేరు కడ్డీ పక్కన నేలకు బిగించాడు. కడ్డీ వెనక్కి పడితే పట్టీ ఒక మరమేకుకు తగులుతుంది, కరెంటు పారుతుంది. కడ్డీ తీస్తే దీపం ఆరిపోతుంది. కరెంటు బ్యాటరీకి తిరిగిపోయే తీగ ఏదీ అని అడిగితే బండి రేకును తట్టి, "ఇదే. బ్యాటరీ ఒక కొన బండి ఒంటికే కట్టుంటాది. దీపాన్ని రేకుకు బిగిస్తే చాలు, బండే తీగ అవుతాది. కానీ రంగు ఉంటే కరెంటు దాటదు, గీకల్ల," అన్నాడు. దీపం కూర్చొనే చోట ఇటుకముక్కతో రేకు అద్దంలా మెరిసేదాకా నేనే గీకాను.

చిక్కంతా తీగ దగ్గర వచ్చింది. కొత్త తీగ ఆ రోజుల్లో కంటికి కనపడదు. పాత డైనమో విప్పితే వచ్చింది బోడి రాగి. దానికి పాత పంచె చించి చుట్టాం. సోమందేపల్లి దాటగానే డ్రమ్ము వేడికి గుడ్డ అంటుకొని పొగ లేచింది. "బస్సు కాలిపోతాండాది!" అని కేకలు. వెనక సీటులో ఉన్న ఒక అవ్వ తన మజ్జిగ చెంబు మొత్తం దాని మీద కుమ్మరించి, తర్వాత ధర్మవరం దాకా, "నా మజ్జిగ, నా మజ్జిగ" అని సాయిబును తిట్టింది. ఆయనకు వినపడలేదు కాబట్టి నవ్వుతూ తల ఊపాడు. అవ్వకు ఇంకా మండింది.

ధర్మవరంలో మగ్గాల వీధిలో బండి ఆపుకొని ఉండగా సాయిబు నేలమీద తెగిపడిన పట్టుపోగు ఒకటి తీసి అగ్గిపుల్ల అంటించాడు. ఊరికే, తోచక. నూలుపోగయితే కొసదాకా మండిపోతుంది. అది ముడుచుకొని, చిన్న బొడిపె కట్టి, పుల్ల తీయగానే ఆరిపోయింది. ఇంకోటి అంటించాడు. అదీ ఆరిపోయింది. నా భుజం పట్టుకొని ఊపేశాడు. "చూసినావా? మంట దీన్ని తినల్లేదు!"

ఓబుళమ్మక్క అని, మగ్గాలకు కండెలు చుట్టి ఇచ్చే ఆమె ఇంటికి పరుగెత్తాం. పట్టుదారాన్ని రాట్నం మీద కండెకు చుట్టడం ఆమె పని. సాయిబు రాగి తీగ చూపించి సంగతి చెప్పాడు. ఆమె బుగ్గ నొక్కుకుంది.

"ఏం సాయిబూ, తల తిరుగుతాండాదా నీకు? జరీలో అయితే పట్టు మీద వెండి చుడతారు. నువ్వు రాగి మీద పట్టు చుట్టమంటాండావు. నీ బండిమాదిరే నీ పనీ వెనక్కే పోతాండాది!"

"నీ చేతికి రాదంటే చెప్పక్కా, ఇంకో ఇంటికి పోతాం."

"నా చేతికి రాదా? ఈ వీధిలో నాకు రాంది ఇంగెవురికొస్తాది? ఆ పెట్టు ఈడ!"

తెగిన పోగులు ముడివేసి, రెండు రోజులు కూర్చొని, పదహారు మూరల తీగకు రెండు పొరలు చుట్టింది. కొంతదూరం ఎరుపు, కొంతదూరం చిలకపచ్చ, కొంతదూరం పసుపు. ఏ చీర నుంచి ఏ పోగు తెగిందో ఆ రంగు. పైన మేము వార్నీషు పూశాం. పెళ్ళికూతురి చీరలకు పోవాల్సిన పట్టు మసిబారిన బస్సు కడుపు కింద పాకింది!

మొదటిసారి వెలిగింది షెడ్డు ముందరే. సాయిబు గేరు వెనక్కి లాగాడు. వెనక నిలబడ్డ నాకు కాళ్ళమీద తెల్లటి వెలుతురు పడింది. గులకరాళ్ళు, బావి అంచు, ఊడిన రాయి తాలూకు గుంట అన్నీ లెక్కపెట్టేంత స్పష్టంగా కనపడ్డాయి. రాతిగోడ మీద కదిరప్ప నీడ తాటిచెట్టంత లేచింది. వాడు తన నీడకు తానే దండం పెట్టాడు. నేను ఎగిరి గంతేశాను. అప్పుడు నాకు ఇరవై నాలుగేళ్ళు. సందులోని జనం వచ్చి చుట్టూ మూగారు. "ముందరికి పోయే బస్సుకు ముడ్డి కింద దీపమేందప్పా?" అని ఒకాయన ఎకసెక్కం. సాయిబు కిందికి దిగి ఆ వెలుతురులో అరచేతులు పెట్టి, అటూ ఇటూ తిప్పి చూసుకున్నాడు, చలిమంట కాచుకున్నట్లు. ఆ తర్వాత వారంరోజులు కదిరప్ప తట్టనక్కరలేకుండా బండి షెడ్డులోకి పోయింది. వాడు మాత్రం అలవాటు మానక తడుతూనే ఉన్నాడు.

ఆయుధపూజ వచ్చింది. డ్రైవర్లకు, క్లీనర్లకు అంతకంటే పెద్ద పండగ లేదు. నిమ్మకాయలు, అరటిమొక్కలు సాయిబే తెచ్చాడు. మేము బజారుకు పోయిన సమయంలో కదిరప్ప ఒక్కడే బండి కడిగాడు. దీపం కింద నేను గీకిన చోటు వాడి కంటికి మచ్చలా కనపడింది. పండగ పూట బండి ఒంటిమీద మచ్చా! దీపం విప్పి, ఆ చోట నల్లరంగు రెండు పూతలు దట్టంగా వేసి, ఆరనిచ్చి, దీపం మళ్ళీ బిగించి, అద్దానికి కుంకుమబొట్టు పెట్టాడు. ఎంత ముచ్చటగా చేశాడో! మాకు చూపించి మురిసిపోయాడు. మేమూ మెచ్చుకున్నాం. ఆ రంగు సంగతి ఇద్దరిలో ఒక్కడికీ తట్టలేదు. ఏం బుద్ధులు మావి!

మర్నాడు దసరా. సావుకారి సిల్కు లాల్చీలో వచ్చి ముందు సీటులో కూర్చున్నాడు. పెనుకొండ చేరేసరికి పొద్దు గుంకి, మనిషి మొహం గుర్తుపట్టలేని వేళ అయింది. ప్రయాణికులు దిగారు. నేను వెనక నిలబడ్డాను. సాయిబు తల బయటికి పెట్టి గేరు వెనక్కి వేశాడు.

దీపం వెలగలేదు.

బండి కదిలింది. కదిరప్ప తట్టడం మొదలుపెట్టాడు. ఆ తట్టుడు తోలేవాడికి వినపడదని నాకొక్కడికే తెలుసు. అరవబోయాను. ఎవరికి వినిపించాలని అరవను? అంతలోనే బండి గక్కున ఆగింది. వెనక చీకటి చూసి ఆయనే బ్రేకు తొక్కాడు. గేరు అట్లాగే ఉంచి ఇంజిను ఆపేసి, దిగి, గబగబా వెనక్కి వచ్చి దీపం తడమసాగాడు.

"ఏమప్పా, ఎందుకు దిగితివి?" అని సావుకారి లోపలినుంచి అడిగాడు. జవాబు లేదు. దిగి వచ్చాడు. సాయిబు వెనక రెండడుగుల దూరంలో నిలబడి, "నిన్నే! ఏమయిందని అడుగుతాండా!" అని గట్టిగా అన్నాడు. సాయిబు వీపు కదలలేదు. సావుకారి ఇంకోసారి పేరు పెట్టి పిలిచాడు. తర్వాత నావైపు తిరిగాడు. నేను తల దించుకున్నాను.

సాయిబు వేలికి రంగు తగిలింది. వాసన చూశాడు. "కదిరప్పా, నీ భక్తి పాడుగాను!" అని మరమేకు వదులు చేసి, స్క్రూడ్రైవరు మొనతో ఆ నల్లరంగును బరబరా గీకాడు. దీపాన్ని నొక్కి బిగించగానే వెలుతురు భళ్ళున విరజిమ్మింది. కుంకుమబొట్టు నీడ ఎర్రగా గోడమీద పడింది. సంతోషంతో వెనక్కి తిరిగిన మనిషికి ఎదురుగా సావుకారి మొహం కనపడింది. ఆ మొహం చూస్తే చాలు, అంతా తెలిసిపోతుంది.

"వినపడదు సావుకారీ," అన్నాడు సాయిబు. "రెండేండ్లుగా. వీళ్ళకెవురికీ తెల్దు. నేనే దాచిపెట్టినా."

నాకోసం చెప్పిన అబద్ధం అది. నేను నోరు తెరిచి, "నాకు..." అనబోయాను. ఆయన నావైపు చూడనే లేదు.

"ఇప్పుడే తాళం ఇమ్మంటే ఇస్తా. కానీ ఒకమాటు చూసి తీసుకో. ఆ బావి అంచున నువ్వే నిలబడు. ఎవురూ తట్టొద్దు, అరవొద్దు. నిలపల్లంటే చెయ్యెత్తు."

సావుకారి బావి కేసి చూశాడు, చక్రం కేసి చూశాడు. ఏమనుకున్నాడో, లాల్చీ చేతులు పైకి మడిచి, పోయి ఆ ఊడిన రాయి గుంట పక్కనే నిలబడ్డాడు. కోపిష్టి అంటే తెగింపూ ఉంటుంది కదా. కదిరప్ప ఫ్యాను తిప్పాడు, హ్యాండిలు వేశాడు. ఇంకా చల్లారని ఇంజిను దగ్గి, దగ్గి, పలికింది. వాడి చేతులను నేను వెనక్కి విరిచి పట్టుకున్నాను, అలవాటుకొద్దీ తడతాడేమోనని.

బండి వెనక్కి వచ్చింది. చీమ నడిచినట్లు. చక్రం బావి అంచును ఒరుసుకోకుండా, గోడను ముట్టకుండా, దారం మీద పట్టినట్లు నేరుగా. సావుకారి వెలుతురులో అట్లాగే నిలబడ్డాడు. డ్రమ్ము సెగ మొహానికి తగిలేంత దగ్గరికి వచ్చాక చెయ్యెత్తాడు. అది పూర్తిగా పైకి లేవకముందే బండి ఆగింది.

సావుకారి చెమట తుడుచుకొని పక్కకు జరిగి, చీకట్లోనుంచి ఏదో అన్నాడు.

"వెలుతురులోకి వచ్చి చెప్పు సావుకారీ! నీ నోరు కనపడల్ల!" అని సాయిబు కిటికీలోంచి తల పెట్టి అరిచాడు.

ఓనరుకు అట్లా ఆజ్ఞ ఇచ్చినవాణ్ణి నేను మళ్ళీ చూడలేదు. సావుకారి ఒక్క క్షణం తటపటాయించి, వచ్చి దీపం ఎదుట నిలబడ్డాడు. జీవితమంతా అరిచి మాట్లాడిన ఆ మనిషి గొంతు ఎత్తలేదు. పెదవులు పెద్దగా కదిలిస్తూ, మాటకు మాటకు మధ్య ఆగుతూ చెప్పాడు.

"రెండో బండికి... ఎప్పుడు... పెడతావు?"

గేరు తీస్తే దీపం ఆరిపోతుంది. ఇంజిను పనిచేస్తోంది కాబట్టి, గేరు ఉంచాలంటే క్లచ్చి తొక్కిపట్టే ఉండాలి. ఆ క్లచ్చి ఎంత బిగువో తోలినవాళ్ళకే తెలుసు. నేను తలుపు పక్క నుంచి చూస్తున్నాను. సాయిబు మోకాలు గడగడ వణుకుతోంది. సావుకారి ఆఖరి మాట ముగించి, పెదవులు మూసి, ఇంకేమీ లేదన్నట్లు తల ఊపేదాకా ఆయన ఆ కాలు ఎత్తలేదు.